కుంజెస్ ఇంటి ఎరువు

ఒక ఇల్లు ఎలాంటిదో తెలుసుకోవాలంటే వంటిల్లు చూడక్కర్లేదు, దేవుడిగది చూడక్కర్లేదు, మరుగుదొడ్డి కింద గది తలుపు తీసి చూస్తే చాలని కుంజెస్ అత్తగారు అంటూ ఉండేది. పంతొమ్మిదో ఏట కుంజెస్ లేహ్‌కి కోడలిగా వచ్చిన మూడో రోజునే ఆవిడ ఆ తలుపు తీసి, ఏడాదిపాటు మాగిన ఎరువు గుప్పెడు తీసి చేతిలో పెట్టింది. నల్లగా, పొడిగా, వేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయింది. వాసన లేదు. ఎప్పుడూ ఇలాగే ఉండాలని చెప్పి ఆవిడ చేతులు దులుపుకుంది. నలభై రెండేళ్లుగా అలాగే ఉంది. బార్లీ చేనుకి ఏటా అదే బలం. ఈ ఏడాదే కుంజెస్ ప్రాణం విసిగిపోయింది.

విసిగించింది అతిథులు. కోడలు దెస్కిత్ మూడేళ్ల కిందట మేడ మీద రెండు గదులు బాడుగకిచ్చింది. ఇవ్వనీ, తప్పేముంది? మంచు కరిగిన దగ్గర్నుంచి ఆకు రాలేదాకా జనం వస్తారు, పోతారు. కానీ వచ్చిన ప్రతివాడికీ మేడ మీది దొడ్డి వాడటం నేర్పాలి. అందులో నేర్పడానికేముంది? నేలలో ఒక కంత. పక్కన మట్టీ బూడిదా కలిపిన కుప్ప, ఒక పార. పని కాగానే రెండు పారలు మట్టి కిందికి తొయ్యాలి. నీటిచుక్క పడకూడదు. పడితే కింద కుళ్లి కంపు కొడుతుంది, చేనుకి పనికిరాదు. ఈ ముక్క చంటిపిల్లలకి అర్థమవుతుంది. చదువుకున్నవాళ్లకే బుర్రకెక్కదు.

జూన్‌లో ఒకాయన దిగాడు. ప్రకృతిని ఎలా కాపాడాలో ఊరూరా తిరిగి చెప్పడమే ఆయన ఉద్యోగమట. దొడ్డికి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. ప్రపంచం మీ దగ్గర నేర్చుకోవాలమ్మా అని కుంజెస్ రెండు చేతులూ పట్టుకుని అరగంట పొగిడాడు. ఆవిడ మురిసిపోయి ఎండు ఆప్రికాట్లు దోసెడు పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆ మహానుభావుడు రెండు లీటర్ల నీళ్ల సీసా చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ దొరికిపోయాడు.

"నీళ్లెందుకు?" అంది కుంజెస్.

"అలవాటు కదమ్మా. కొంచెమే."

"నిన్న అంతసేపు పొగిడింది దేన్ని మరి?"

ఆయన నవ్వాడు. కుంజెస్ నవ్వలేదు. సీసా లాక్కుని కాగితాల చుట్ట చేతిలో పెట్టింది. ఆయన పైకెళ్లి తలుపు వేసుకున్నాక మట్టి పడిన చప్పుడు రెండుసార్లు వినిపించేదాకా కింద నిలబడే ఉంది.

దెస్కిత్‌కి ఇదంతా తలవంపుగా ఉంది. ఆ పిల్ల చెడ్డది కాదు, పని చేస్తుంది, నోరు కూడా మెత్తన. కానీ నీళ్ల దొడ్డి కట్టించాలని పట్టు పట్టింది. మేస్త్రీ వచ్చి పోప్లార్ చెట్ల దగ్గర గొయ్యి తవ్వితే సులువని చెప్పి వెళ్లాడు. అక్కడికి పదడుగుల్లో ఊట. ఇంటిల్లిపాదీ తాగేది ఆ నీళ్లే. అవతలి వీధిలో హోటళ్లు లేచాక అక్కడి ఊట ఏమైందో అందరికీ తెలుసు, గాడిద కూడా మూతి పెట్టడం మానేసింది. ఆ మాట అంటే, అత్తని అమ్మలా అమలే అని పిలిచే దెస్కిత్ దగ్గర వేరే జవాబుంది.

"అమలే, వచ్చినవాళ్లు కంపు అంటున్నారు. మీరు మెట్ల దగ్గర కూర్చుని ప్రతివాళ్ల సంచీ వెతికితే ఇంకెవరొస్తారు చెప్పండి?"

"కంపు దొడ్డిది కాదు, వాళ్ల నీళ్లది."

"నీళ్లు పడకుండా మీరు ఆపలేరు అమలే."

"ఆపి చూపిస్తా. శరత్తులో తలుపు తీసినప్పుడు ఎరువు పొడిగా ఉంటే ఇక నీళ్ల దొడ్డి మాట ఎత్తకూడదు."

"తడిగా ఉంటే?"

"నీ ఇష్టం వచ్చిన చోట తవ్వించుకో."

అనేశాక నాలిక కరుచుకుంది కానీ, అన్నమాట అన్నదే. ఆ రోజు నుంచి మెట్ల మొదట్లో చిన్న పీట వేసుకుని కూర్చుంది. ఉన్ని వడికేది, జపచక్రం తిప్పేది, వచ్చేపోయేవాళ్ల చేతులు చూసేది. సీసాలు, చెంబులు, ఒకామె శాలువా కింద దాచిన బిందెంత మగ్గూ అన్నీ స్వాధీనం చేసుకుంది. చేలో కలుపు తీయాల్సిన పూట కూడా కదల్లేదు. భర్త పల్జోర్ రోజూ పొద్దున్నే ఆవిడ పక్కనుంచి కర్ర ఊతంతో నెమ్మదిగా మెట్లెక్కేవాడు. మోకాళ్ల నొప్పి పాపం అని కాస్త పక్కకి జరిగేది. మళ్లీ వడకడంలో పడిపోయేది. సెప్టెంబరు మధ్యలో చివరి అతిథి వెళ్లిపోయాక, గెలిచానని ఊరంతా చెప్పుకుంది.

నూర్పిళ్లు అయ్యాయి. నేల గడ్డకట్టేలోపు ఎరువు చేలోకి చేరాలి. ఆవిడని అక్క వరసలో అచేలే అని పిలిచే పక్కింటి తుందుప్ బదులుపనికి వచ్చాడు, బుట్టలూ పారలూ తెచ్చాడు. కుంజెస్ తలకి కొత్త రుమాలు కట్టుకుని మరీ వెళ్లి కింద గది తలుపు గడియ తీసింది.

కంపు ఒక్కసారిగా మొహాన కొట్టింది. తుందుప్ రెండడుగులు వెనక్కి వేసి ముక్కు మూసుకున్నాడు. లోపల కుప్ప లేదు, బురద ఉంది. గుమ్మం దాకా జారి వచ్చింది.

"అచేలే, ఇదేంటి, మీ ఇంట్లోనే?" అన్నాడు తుందుప్. ఆ "మీ ఇంట్లోనే" అన్న మాటకి కుంజెస్‌కి ఒళ్లు మండిపోయింది.

దెస్కిత్ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. తల దించుకుని నిలబడింది. కుంజెస్ ఆగలేదు. ప్రకృతి ఆయన్ని తిట్టింది, మగ్గు ఆమెని తిట్టింది, వాళ్లని కన్నవాళ్లని తిట్టింది. వేసవంతా పీట మీద కూర్చుని నడుం పడిపోయింది, చేను కలుపు పట్టింది, చివరికి ఇదా అని అరిచింది.

తుందుప్ పారతో పైపొర కదిపి చూశాడు. "అచేలే, కోప్పడకు. అతిథులు వెళ్లి నెల దాటింది కదా. పైన చూడు, ఇంకా పచ్చిగానే ఉంది. ఇది నిన్నా మొన్నా పడిన నీళ్లు."

కుంజెస్ తిట్టడం ఆపి లెక్కేసుకుంది. నెల రోజులుగా ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. కొడుకు జిగ్మెత్ టాక్సీ తోలుతాడు, ఎక్కువగా దారి మీదే ఉంటాడు. దెస్కిత్ కేసి చూసింది. "నా మీద ఒట్టు అమలే," అంది ఆ పిల్ల, కళ్లనిండా నీళ్లతో. మిగిలింది ఒక్కడు. అప్పటిదాకా పెరట్లో ఎండలో కూర్చుని ఆప్రికాట్ గింజలు కొడుతున్న పల్జోర్ సుత్తి కింద పెట్టి, కర్ర అందుకుని, మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

ఆవిడ వెనకాలే వెళ్లింది. ఆయన పొయ్యి పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. ఆయన కొంతకాలంగా అలాగే కూర్చుంటున్నాడని ఆవిడకి అప్పుడు తట్టింది.

"నువ్వేనా?"

"నేనే."

"ఎలా? నేను మెట్ల దగ్గరే కదా చచ్చాను?"

ఆయన అరమీద ఉన్న ఫ్లాస్కు చూపించాడు. దగ్గు వస్తోంది, వేణ్ణీళ్లు పోసివ్వమని మంచు కరుగుతున్నప్పుడే అడిగాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆవిడే కాచి, నింపి, మూత బిగించి ఇస్తోంది. అది ఆయన కోటు లోపల ఉండేది. మొగుడి కోటు ఎవరు వెతుకుతారు?

"మార్చిలో జిగ్మెత్‌తో జమ్మూ వెళ్లాను కదా, పింఛను కాగితాలని. కాగితాలు కాదు. మూలశంకకి ఆపరేషన్ చేశారు. కాగితం పెట్టి తుడిస్తే పుండు మానదు, ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కడుక్కోవాలన్నాడు డాక్టరు."

"కొడుకుతో చెప్పావు. నాతో చెప్పడానికి నోరు రాలేదా? నలభై రెండేళ్లు ఒకే పొయ్యి దగ్గర తింటున్నాం! నేనేమన్నా పరాయిదాన్నా?"

పల్జోర్ పొయ్యిలో నిప్పు ఎగదోశాడు. "చెబితే నువ్వు ముందు ఎరువు సంగతి అడుగుతావని," అన్నాడు.

ఆయన అన్నది నిజం. అడిగేదే. సిగ్గు, కోపం, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. ఎవరి మీద చూపించాలో తెలియక కుంజెస్ గబగబా పెరట్లోకి వచ్చింది.

"దెస్కిత్, ఆ మేస్త్రీని పిలిపించు."

"వద్దు అమలే, పందెం మాట మర్చిపోండి..."

"నిన్నెవరు అడిగారు? పిలిపించు. ఊట దగ్గర కాదు. దిగువన, దక్షిణపు గోడ పక్కన."

"అక్కడ మీ కూరమడి ఉంది కదా?"

"ఉంటే? తవ్వమను. ఒకటే దొడ్డి, కిందే, మెట్లు లేకుండా. చలికి ముందే అయిపోవాలి. మీ మామగారికి."

"మరి అతిథులకి?"

"వాళ్లకి పైదే! వాళ్లకేం మూలశంక లేదు."

తుందుప్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి, బురదలోకి బూడిద తోయడం మొదలుపెట్టాడు. ఈ ఏడాదికి చేనుకి ఏమీ లేదు. వచ్చే ఏడాది బార్లీ పలచగా వస్తుంది. అది ఆవిడకి తెలుసు, తెలిసి కూడా మళ్లీ లోపలికి నడిచింది.

పల్జోర్ అలాగే ఒరిగి కూర్చున్నాడు. కుంజెస్ పొయ్యి దగ్గరి మెత్తటి బొంత తీసి మడతపెట్టి ఆయన కిందికి తోసింది. తోయడం కూడా విసురుగానే తోసింది. తర్వాత ఎదురుగా చతికిలబడి అడిగింది.

"ఇంకా నొప్పి ఉందా?"

"పొద్దున పూట ఉంటుంది," అన్నాడాయన.