ఎడిసన్ దగ్గర ఆగిన ప్రార్థన

సుందర్ రాజ్ గారికి కుక్కలంటే భయం. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల వెనక నడకకి వెళ్ళినప్పుడు ఎదురుగా ఎవరైనా బొచ్చుకుక్కని పట్టుకొస్తే, ఫోన్ వచ్చినట్టు నటించి రోడ్డు దాటేస్తారు. అలాంటి మనిషి కిందటి సెప్టెంబరులో ఒక శనివారం ఏం చేశారో చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, చూశానని ఒప్పుకుంటే ప్రార్థనలో కళ్ళు తెరిచానని కూడా ఒప్పుకోవాలి.

ఆయనది పాలకొల్లు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులకి గుర్తులు పెట్టడం. కొన్నేళ్ళ కిందట రెండు నెలలు ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నప్పుడు రోజూ లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవారు. అక్కడ పారేయబోయే పుస్తకాల అరలో ఒక నవల దొరికింది. ఆకుపచ్చ గుడ్డ అట్ట, దానిమీద వెలిసిపోయిన బంగారు రంగు ఎలుగుబంటి. వందేళ్ళు దాటిన అడవి సాహసకథ. అది రాసినవాడు కలప కంపెనీలో ఏ చెట్టు నరకాలో గుర్తు పెట్టే ఉద్యోగి అట. సగం జీవితం గుర్తులు పెట్టి, తక్కిన సగం ఆ చెట్లనీ వాటి కింద తిరిగే ప్రాణులనీ వదిలేయండి బాబూ అని నవలలు రాశాడు.

"గుర్తులు పెట్టేవాడి బాధ ఇంకో గుర్తులు పెట్టేవాడికే తెలుస్తుంది చెల్లెమ్మా" అంటారు సుందర్ గారు.

అప్పటినుంచి అలాంటి పుస్తకాలు ఇంటినిండా చేరాయి. ఆ కాలంలో అడవిని ముందు వేటాడి, తర్వాత దానికోసం కలం పట్టినవాళ్ళు చాలామందే ఉన్నారని ఆయన చెబితేనే మాకు తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర కథ మొదలుపెడతారు. మేం మజ్జిగ వంకతో లేచిపోతాం.

"బొద్దింకని చంపమంటే కుర్చీ ఎక్కుతాడు వదినా, కథల్లో మాత్రం అన్నీ తోడేళ్ళే!" అని నవ్వుతుంది వాళ్ళావిడ లూసీ.

ఎంత తప్పించుకున్నా ఆ చెట్ల గుర్తులవాడి మాట ఒకటి మా అందరికీ నోటికొచ్చేసింది: మనిషి తిండి మరిగిన ఎలుగు మనిషి చేతిలోనే పోతుంది. ఒక్కసారి రుచి చూస్తే మళ్ళీ వస్తుంది, జనం భయపడతారు, కంప్లయింట్లు పెడతారు, చివరికి తుపాకీ వస్తుంది.

ఆ శనివారం మా తెలుగు చర్చి పిక్నిక్, ఉత్తరాన కొండల్లో ఒక స్టేట్ ఫారెస్ట్‌లో. గేటు దగ్గరే ఎలుగుబొమ్మ ఉన్న బోర్డు. కారు దిగీ దిగగానే సుందర్ గారు అందరి ముందూ నిలబడ్డారు, మెడలో ఒక విజిల్ కూడాను.

"బ్రదర్స్, సిస్టర్స్, ప్లీజ్! ఆమెన్ అనేదాకా ఫుడ్ కార్లలోనే ఉంచండి."

"మన మసాలా ఘాటుకి ఎలుగే వీసా క్యాన్సిల్ చేసుకుని పోద్ది బ్రదర్!" అన్నాడు జూడ్. అందరూ నవ్వారు. కానీ అందరూ మాట విన్నారు.

నేను తప్ప. నాది కోడి బిరియానీ. ట్రంకులో ఉంటే ఆవిరి పట్టి ముద్దవుతుందని, ట్రే తీసుకెళ్ళి అడవివైపు చివరి బల్లమీద పెట్టి, పైన కప్పిన అల్యూమినియం రేకు ఒక మూల లేపి వచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

పాస్టరుగారు ఊళ్ళో లేరు. సంఘపెద్ద దైవసహాయం గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనకి, మా సంఘంవాళ్ళు ఉండే ఊళ్ళ మీదుగా, ఒక రూటు ఉంటుంది. పార్సిప్పనీ కుటుంబాలతో బయల్దేరి, ఎడిసన్ మీదుగా, ప్లెయిన్స్‌బరోలో ఆమెన్ అంటారు. దారిలో ఎవరి గ్రీన్ కార్డూ ఎవరి ప్రసవమూ వదలరు. నలభైమందిమి, పిల్లలు తొమ్మిదిమంది, కళ్ళు మూసుకుని నిలబడ్డాం.

పార్సిప్పనీ అయిపోతుండగా బిరియానీ గుర్తొచ్చి ఒక కన్ను తెరిచాను.

బల్ల అవతల, ముప్ఫై అడుగుల్లో, పొదలోంచి నల్లటి తల ఒకటి బయటికొచ్చి ఉంది. ముక్కు గాల్లోకి ఎత్తి, రేకు లేపిన మూలవైపే చూస్తోంది.

 తల తిప్పితే సుందర్ గారి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎలుగుని చూశారు, ట్రేని చూశారు, నన్ను చూశారు. జన్మలో అంత సిగ్గుపడలేదు నేను.

అరిచినా, విజిల్ ఊదినా పిల్లలు తలోదిక్కూ పరిగెడతారు. జనం పారిపోతే ట్రే దానికే మిగులుతుంది. ఊరుకుంటే ఇంకో నిమిషంలో బల్ల దగ్గరికి వస్తుంది. దైవసహాయం గారేమో ఇంకా ఎడిసన్‌లోనే ఉన్నారు.

"...జూడ్ బ్రదర్ వీసా స్టాంపింగ్ విషయంలో, ప్రభువా, ఆ కాన్సులేట్ ఆఫీసరు హృదయమును మెత్తబరచి..."

"అవును తండ్రీ!" అన్న కేక వినపడింది. సుందర్ గారు! ఎప్పుడూ ఆమెన్ కూడా గొణిగే మనిషి. "తండ్రీ, ఈ ఘడియలో నీ బిడ్డలు ఒక్కరును కన్నులు తెరువక, తల్లులు తమ పిల్లల చేతులు గట్టిగా పట్టుకొనునట్లు కృప చూపుము!"

మా వాళ్ళకి ఇది కొత్త కాదు. ఆత్మ కదిలితే ఎవరైనా గొంతు కలపవచ్చు. తల్లులు పిల్లల చేతులు పట్టుకున్నారు. దైవసహాయం గారు మాత్రం తన ప్రార్థనలో ఇంకొకరు దూరారని గొంతు పెంచారు; ఆ హోరులో సుందర్ గారి మాటలు చెవులు రిక్కించిన నాకు తప్ప ఎవరికీ సరిగ్గా అందలేదు.

ఎలుగు నాలుగడుగులు ముందుకేసింది.

"ట్రే తెచ్చిన నీ దాసురాలికి" అంటూ సుందర్ గారు బల్లవైపు నడవడం మొదలుపెట్టారు, "పరుగెత్తక, వీపు చూపక, మెల్లగా దానిని మూసి కారులో పెట్టు బుద్ధిని దయచేయుము ప్రభువా!"

దాసురాలిని నేనే. కాళ్ళు ఎలా కదిలాయో తెలీదు. బల్ల చేరి రేకు నొక్కాను. అది కరకరమంది. ఎలుగు వెనక కాళ్ళమీద లేచి నిలబడింది. నాకంటే పొడుగు. దాని ఛాతీ మీద ఎండుటాకు ఒకటి అంటుకుని ఉండటం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

సుందర్ గారు నాకూ దానికీ మధ్యకొచ్చి రెండు చేతులూ పైకెత్తారు. పుస్తకంలో ఉన్నదదే: పెద్దగా కనపడు, నిలకడగా మాట్లాడు, దానికి దారి వదులు. చేతులు నిలకడగానే ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ళ దగ్గర మాత్రం గాలి లేకుండానే ఊగుతోంది.

"వచ్చిన దారినే తిరిగి వెళ్ళునట్లు..."  ఎలుగు కదల్లేదు. నేను ట్రే ఎత్తుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాను. ఆయన ఇంకా గట్టిగా అందుకున్నారు: "అందరము బిగ్గరగా, చప్పట్లతో, ముమ్మారు స్తోత్రము చెప్పుదుము!"

"స్తోత్రం! స్తోత్రం! స్తోత్రం!"

నలభై గొంతులు, ఎనభై చేతులు. అన్నిటికంటే పైన దైవసహాయం గారు. కొండ మారుమోగింది. ఎలుగు దబ్బున నాలుగు కాళ్ళమీదికి దిగి, ఒక్కసారి వగర్చి, పొదల్లోకి పరిగెత్తింది. కొమ్మలు విరిగిన చప్పుడు చప్పట్ల మధ్య దూరమవుతూ నాకు వినిపించింది. మెతుకు ముట్టలేదు.

ప్లెయిన్స్‌బరో వెళ్ళకుండానే "ఆమెన్" అనేశారు దైవసహాయం గారు. అందరూ కళ్ళు తెరిచారు. నేను కారు దగ్గర ఉన్నాను. సుందర్ గారు ఖాళీ బల్ల ముందు చేతులెత్తి, అడవివైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"ఏం సుందర్ బ్రదర్," అన్నారు దైవసహాయం గారు, "ఆకలైతే ముందే చెప్పొచ్చుగా? ప్రార్థన మధ్యలో భోజనాల బల్ల దగ్గరికి నడవడమేంటండీ?"

నవ్వులు. లూసీ మొహం ఎర్రబడింది. నేను నోరు తెరిచాను. సుందర్ గారు తల అడ్డంగా, ఒక్క వెంట్రుక వాసి ఆడించారు.

"సారీ అండీ," అన్నారాయన. "కంట్రోల్ కాలేదు."

కందిరీగలు ముసురుతున్నాయని ఒక అబద్ధం ఆడి, కార్ల పక్కనే పార్కింగ్‌లో వడ్డించేట్టు చేశాను. అందరూ తింటున్నంతసేపూ ఆయన ప్లేటు పట్టుకోకుండా అడవికి ఎదురుగా నిలబడ్డారు. దగ్గరికెళ్ళాను.

"అన్నయ్యా, నా వల్లే. నేను చెప్పేస్తాను."

"వద్దు చెల్లెమ్మా. చెబితే జూడ్ వీడియో కోసం పొదల్లోకి వెళ్తాడు. ఇంకొకరు ఫారెస్టువాళ్ళకి ఫోన్ చేస్తారు. దాని పేరు మీద ఫైలు ఓపెనవుతుంది." ఆయన చూపు తిప్పలేదు. "దానికేం దొరకలేదు కదా, మళ్ళీ రాదు. వస్తే నేనే అరుస్తాను, మనుషుల తర్వాతే ఏదైనా."

"మరి లూసీ?"

"ఇంటికెళ్ళాక చెబుతా." మెడలోని విజిల్ సవరించుకున్నారు. "నమ్మదు."

మరుసటి ఆదివారం ప్రకటనల్లో దైవసహాయం గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు: "ఇకమీదట ప్రార్థన జరుగుచుండగా ఎవరును, ఎంత ఆకలిగా ఉన్నను, భోజన బల్లలను సమీపించరాదు." చదివి, చూడాల్సినవైపే చూశారు.

వెనక వరసలోంచి అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది సుందర్ గారే. ఆ మధ్యాహ్నం ఆయన కొత్త కథ మొదలుపెట్టినప్పుడు మజ్జిగ కోసం నేను లేవలేదు.