నాన్నమ్మ తినిపించిన ముదురు నల్లేరు

మా చిన్నప్పుడు నల్లేరు పచ్చడి అనగానే నేను ముందు నూనె గిన్నె వెతుక్కునేదాన్ని... చేతులకి నూనె రాసుకోకుండా ఆ కాడల్ని ముట్టుకుంటే సాయంత్రం దాకా గోక్కోవడమే. లేత కణుపులు ఏరి, నార తీసి, నూనెలో బాగా వేయించి, దండిగా చింతపండు వేసి నూరితే తప్ప అది గొంతు దిగదు.

అదంతా మా నాన్నమ్మ మోకాళ్ళ కోసం. శ్రీకూర్మం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. నాన్నమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకి నడిచి వెళ్ళి అమ్మేది. కీళ్ళ నొప్పులు వచ్చాక కూడా, దడి మీద పాకిన ఆ నల్లేరునీ, వావిలాకు కాపడాన్నీ నమ్ముకుని నడిచింది. నొప్పి పోయేది కాదు... కాస్త తెరిపిగా ఉండేదంతే. ఆ కాస్తతోనే నెట్టుకొచ్చేది.

"గంప దించేస్తే నానెవులినే గుంటా? మూల కూకునే ముసిల్దాన్ని" అనేది నాతో.

అలాంటప్పుడు వచ్చాడు ఆ మందులవాడు... మా సంతకి, మైకు కట్టిన ఆటోలో. తెల్ల చొక్కా, మెడలో రుద్రాక్షలు. తన గొంతే పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. "అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగును! నల్లేరు, అల్లం, పసుపు, సాంబ్రాణి చెట్టు సారం! అన్నీ మూలికలే!" అని రోజంతా అదే పాట.

"ఆ పచ్చళ్ళూ కాపడాలూ మానెయ్యమ్మా, నా మాత్రలకి అవి పడవు" అన్నాడు. నాన్నమ్మ మానేసింది.

మాత్రలు పనిచేశాయి... అదే కదా అసలు మోసం! నాలుగు రోజులకే నాన్నమ్మ గంప ఎత్తుకుని పరుగులు. ముఖం నిండుగా అయింది. "అత్తకి బుగ్గలొచ్చినాయి" అని అమ్మ మురిసిపోయింది. సంతలో కూర్చునే ఆడవాళ్ళందరికీ నాన్నమ్మే చెప్పి ఆ మాత్రలు కొనిపించింది.

కొన్నాళ్ళకి ఆ ముఖం పూరీలా పొంగింది. ఎక్కడ తగిలినా చర్మం కమిలేది. షుగరు వచ్చింది. ఒక రోజు గంప ఎత్తబోయి కూలబడిపోయింది.

శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, మాత్రలు చేతిలోకి తీసుకుని చూసింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. నొప్పి తెలియక నువ్వు బరువులు మోశావు... ఉన్న గుజ్జు కూడా అరిగిపోయింది. ఇంక గంప ఎత్తకమ్మా" అంది. ఆ మాత్రలు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనట. కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించింది.

ఇంటికి వచ్చాక నాన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

తర్వాతి సంత రోజు పొద్దున్నే నన్ను పిలిచింది. "ఒసే గుంటా, నల్లేరు కొయ్యి. లేతవి కాదు... ముదురువి."

"ముదురువి పచ్చడికి పనికిరావు కదా నాన్నమ్మా?"

"పచ్చడికని నాను సెప్పినానేటి?"

సంతలో నా భుజం పట్టుకుని ఆటో దిగింది. మందులవాడు నవ్వుతూ ఎదురొచ్చి, "చూడండి ఈ అమ్మ ముఖంలో కళ!" అన్నాడు అందరికీ వినిపించేలా.

నాన్నమ్మ కొంగులోంచి నల్లేరు తీసింది. "నీ మాత్రల్లో ఇదే ఉన్నాదేటి బాబూ?"

డబ్బా మీద బొమ్మ ఉంది కాబట్టి పోల్చుకున్నాడు. "ఇదేనమ్మా అసలు మందు!" అని పైకెత్తి చూపించాడు.

"అలగైతే ఓ కణుపు నమిలి సూపీ బాబూ... ఈలకి నమ్మకం వస్తాది."

నల్లేరుతో ఒక్కసారి పచ్చడి చేసినవాళ్ళెవరూ పచ్చిది నోట్లో పెట్టుకోరు. వీడు పెట్టుకున్నాడు. కసుక్కున కొరికి, అందరి వైపూ తిరిగి మరీ నమిలాడు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళంతా ఆ మాత్రలు మింగినవాళ్ళే, డాక్టరమ్మ చెప్పిన మాట అప్పటికే విన్నవాళ్ళే. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు...

ముందు వాడి నవ్వు ఆగింది. తర్వాత నాలుక బయటికి వచ్చింది. గొంతు పట్టుకుని "నీళ్ళు... నీళ్ళు..." అన్నాడు. నీళ్ళకి తగ్గే దురద కాదది. ఎవరో జాలిపడి చింతపండు చప్పరించమన్నారు. చింతపండు కుప్ప ముందు కూర్చున్న ఆవిడ ఆ కుప్ప మీద గోనెసంచి కప్పేసి, "సింతపండు అయిపోనాది బాబూ" అంది.

వాడు అక్కడ గెంతుతూ ఉంటే, ఆటో మీద మైకులో వాడి గొంతే "నల్లేరు సారం! అన్నీ మూలికలే!" అని అరుస్తూనే ఉంది. అంత నవ్వు నేను మళ్ళీ నవ్వలేదు. ఇప్పటికీ వాడి మీద నాకు పాపం అనిపించదు... ఇంకో కణుపు పెట్టాల్సింది అనిపిస్తుంది.

నాన్నమ్మ మాత్రం నవ్వలేదు. "ఆడికి సాయంత్రానికి తగ్గిపోద్ది" అంది మోకాలు తడుముకుంటూ. తనని ఆటో ఎక్కించమని చెయ్యి చాచింది. ఆ తర్వాత పోయేదాకా గంప నెత్తికెత్తలేదు.

వాడు మళ్ళీ మా సంతకి రాలేదు. ఇంకే సంతకి పోయాడో... నా కసి మాత్రం తీరలేదు.

ఇప్పుడు మా అమ్మ మోకాళ్ళు అరుగుతున్నాయి. మొన్న తన ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. "అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగును, అన్నీ మూలికలే"... అవే మాటలు! అమ్మ ఆర్డరు పెట్టబోతుంటే ఫోన్ లాక్కున్నాను. ఆ మాట్లాడేది ఎవడో, ఏ ఊరివాడో, అసలు మనిషేనో కాదో కూడా తెలీదు.

ఆ రోజుల్లో మోసం చేసేవాడు కూడా ఎదురుగా వచ్చి నిలబడేవాడు... చెయ్యి చాస్తే వాడి నోరు అందేది.

మీ ఊరి సంతకీ ఇలాంటివాడు వచ్చాడా? మీ నాన్నమ్మలు వాణ్ణి ఏం చేశారో కాస్త రాయండి, నా కడుపు చల్లబడుతుంది. మా దడి మీద నల్లేరు ఇప్పుడు బాగా ముదిరి ఉంది.