సాక్సు మీద చెప్పులు

ప్రమాదం అని నాకు మొదట తోచిన క్షణం ఇప్పటికీ కచ్చితంగా చెప్పగలను. ఒక మనిషి రోడ్డు దాటి మా వైపు వచ్చాడు. అంతే.

కరోనా మొదలైన ఆ వారాల్లో జెర్సీ సిటీలో ఎవరూ ఎవరి వైపూ రోడ్డు దాటేవారు కాదు. ఎదురుగా మనిషి కనబడితే అవతలి పేవ్‌మెంటు మీదికి వెళ్లిపోవడమే మర్యాద. నేనూ అలాగే నేర్చుకున్నాను, పిల్లలకీ అదే నేర్పాను. మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. మధ్యాహ్నం నాలుగింటికి వీధులు మరీ ఖాళీగా ఉంటాయని, ఆ వేళ చూసి ఇద్దర్నీ అరగంట గాలికి తిప్పి తెచ్చేదాన్ని. పాప కాలితో తోసే పిల్లల స్కూటర్ మీద, బాబు నా చెయ్యి పట్టుకుని. ఆరోజు వాడు ప్రతి దీపస్తంభాన్నీ ముట్టుకుంటూ నడుస్తున్నాడు.

"ముట్టుకోకురా. చెయ్యి తియ్యి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు, ఆ చెయ్యి నోట్లో పెట్టావంటే చూడు" అని వీధంతా వినబడేలా తిడుతున్నాను. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. ఫోనులో మా చర్చి ప్రార్థన లైను నడుస్తోంది.

అవతలి వైపు నడుస్తున్న మనిషి ఆగాడు. మా వైపు తిరిగాడు. కార్లు లేని రోడ్డుని అడ్డంగా దాటి మా పేవ్‌మెంటెక్కాడు. బూడిద రంగు హూడీ, టోపీ కళ్లదాకా లాగి ఉంది. దాని కింద మాస్కు. చేతులకి గ్లవ్స్. కాళ్లకి సాక్సు మీద తోలు చెప్పులు. ఇన్నీ ఒక్క చూపులో చూశాను. మొహం మాత్రం చూడలేదు. చూడ్డానికి ఏమీ బయట లేదు.

మేం మూల తిరిగాం. అతనూ తిరిగాడు. నేను ఆగాను. అతనూ ఆగి చెయ్యెత్తాడు.

అప్పటికి వారం రోజులుగా వింటున్నాం. ట్రైన్ స్టేషన్ దగ్గర ఎవరో ఒకామె మీద ఉమ్మారని, ఎవరి బ్యాగో లాక్కుపోయారని, మన రంగువాళ్లు ఒంటరిగా తిరగొద్దని. అవన్నీ ఒక్కసారి నా కాళ్లలోకి దిగాయి. బాబుని చంకనేసుకుని, పాపతో ఒకే మాట అన్నాను, "రన్." పాప స్కూటర్ వదిలేసి పరిగెత్తింది. అలా పరిగెత్తడం కాలేజీ తర్వాత మళ్లీ అదే. లాబీలో కూర్చునే సెక్యూరిటీ ఆయన లేచి నిలబడ్డాడు గానీ ఏం జరిగిందని అడిగేలోపు మేం లిఫ్టులో ఉన్నాం.

పద్దెనిమిదో అంతస్తులో తలుపు గడియ పెట్టేసరికి లైనులో అక్క గొంతు. ఈ అక్క నాకు తోడబుట్టింది కాదు. రోజూ ప్రార్థన నడిపించే పెద్దావిడ. "ఇంకెవరికైనా ప్రార్థన మనవులు ఉన్నాయా అమ్మా?" అంటోంది.

మాది కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాల చర్చి. అద్దెకి తీసుకునే హాలు మూతపడ్డాక ఈ ఫోను లైనే మా చర్చి అయింది. మావాళ్లలో కబురు కబురుగా వెళ్లదు, ప్రార్థన మనవిగా వెళ్తుంది. మోకాళ్ల మీద ఉన్నవాళ్లని అది నిజమేనా అని అడగడం మర్యాద కాదు గనక, ఎవరూ అడగరు.

నేను మ్యూట్ తీసేసి, రొప్పుతూ, "అక్కా, ఇప్పుడే ఒకతను మా వెంట పడ్డాడు. హూడీ, మాస్కు, చేతులకి గ్లవ్స్. పిల్లలతో పరిగెత్తుకుంటూ వచ్చాను" అన్నాను.

"ప్రభువా" అని పదిహేను గొంతులు ఒకేసారి అన్నాయి.

పాప సోఫా వెనకాల దూరి, "నేను ఇంక బయటికి రాను" అంది. మావారు బెడ్‌రూమ్ తలుపు సందులోంచి తల పెట్టి, కాల్‌లో ఉన్నానని చేత్తో సైగ చేసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

పది నిమిషాల్లో ప్రేయర్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "నల్లవాడా సిస్టర్?" అడిగినామె చెడ్డమనిషి కాదు. బాబు పుట్టినప్పుడు నాకు రెండు వారాలు కారం, చారు చేసి పంపిన మనిషి. నేను "మొహం కనబడలేదు" అని టైప్ చేశాను. పంపబోయి ఆగాను. మొహం కూడా చూడకుండా ఇంత గోల చేశావా అంటారేమో అనిపించింది. తుడిచేశాను. జవాబు ఇవ్వలేదు. అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఈ రెండో మాటే తర్వాత నన్ను పట్టుకుంది.

ఐదింటికల్లా పిస్కాటవే ఊళ్లో ఉండే బ్రదర్ ఒకాయన అందరికీ పంపారు. నల్లజాతి వ్యక్తి, ఆరడుగులు, చేతిలో ఏదో ఉంది, నది ఒడ్డు టవర్లలో ఉన్నవాళ్లు బయటికి రావద్దు. దాని కింద వరసగా ఆమెన్‌లు. ఐదున్నరకి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మా పిన్ని కూతురు ఫోను.

"కత్తి చూపించాడంట కదే. బాబుకేమన్నా తగిలిందా?"

"కత్తీ లేదు, ఏమీ లేదే."

"నువ్వు దాస్తున్నావ్. చిన్నప్పుడూ అంతే, జ్వరమొచ్చినా చెప్పేదానివి కాదు. నాకు మా ప్రేయర్ సెల్ గ్రూపులో వచ్చింది."

"జరిగింది నాకా, మీ ప్రేయర్ సెల్‌కా?"

"సరేలే, నీళ్లు తాగు ముందు."

అబద్ధం చెప్పను, ఆ రెండు గంటల్లో నాలో ఒక హుషారు ఉంది. ఐదు వారాలుగా నన్నెవరూ ఏమీ అడగలేదు. కూరగాయలు సబ్బుతో కడుగుతున్నావా అని తప్ప. ఇప్పుడు ఫోను కిందపెట్టనివ్వడంలేదు. చెప్పిన ప్రతిసారీ అతను ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. ఒక్కసారి కూడా సాక్సు, చెప్పుల సంగతి చెప్పలేదు. ఆ కథలో అవి ఇమడలేదు.

ఆరున్నరకి అదే గ్రూపులో ఇంకో మనవి. నాలుగు వీధుల అవతల ఉండే ఒకమ్మాయి పెట్టింది. లైనులో గొంతు వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు ఆమెని.

"మా మామయ్యగారు మూడింటికి వాకింగ్‌కి వెళ్లి ఇంకా రాలేదు. అరవై ఎనిమిదేళ్లు. షుగర్ ఉంది. ఇండియా ఫోను, ఇంట్లో వైఫై ఉంటేనే పనిచేస్తుంది. మామయ్యగారు మా ఆయనది గ్రే కలర్ హూడీ వేసుకుని వెళ్లారు. మా ఆయన వెతకడానికి వెళ్లారు. దయచేసి ప్రార్థించండి."

నా ప్లేటులో అన్నం అలాగే ఉంది. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయిన తల్లిదండ్రులు ఆ టవర్లలో ఎందరో ఉన్నారు. కొడుకుల హూడీలు వేసుకుని, తాము తెచ్చుకున్న చెప్పుల్లోనే సాక్సు తొడుక్కుని, ఇంట్లో ఇద్దరూ మీటింగుల్లో ఉంటే చప్పుడు చేయకూడదని బయటికి వచ్చేవాళ్లు. నాకెందుకు తట్టలేదు? గ్రూపు పైకి జరిపి చూశాను. బయటికి రావద్దన్న ఆ హెచ్చరిక కింద, ఐదు దాటి ఆరు నిమిషాలకి, ఆ అమ్మాయే రాసింది. "ఆమెన్. మేమూ జాగ్రత్తగా ఉంటాం." తన మామగారి నుంచే జాగ్రత్తగా ఉంటానని రాసింది, తెలియక. ఆ వర్ణనలో ఆయన్ని ఎవరు గుర్తుపడతారు?

నేను లేచి బూట్లు వేసుకుంటూ గ్రూపులో పెట్టాను. "నా వెనక వచ్చినది ఆయనే. నల్లవాడని నేను అనలేదు, మొహమే చూడలేదు. సాక్సు మీద తోలు చెప్పులు. చేతిలో ఏమీ లేదు. వెతుకుతున్నాను."

వెంటనే గ్రూపులో ఇంకొకామె జవాబు. "అయ్యో సిస్టర్, ఇందాకే మా ఆయన పోలీసులకి ఫోన్ చేసేశారు. చేతిలో ఏదో ఉందని కూడా చెప్పారు."

చేతిలో ఏదో ఉన్న నల్లవాడు హూడీలో తిరుగుతున్నాడని ఈ దేశంలో పోలీసులకి చెప్పడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. మావారి చెవిలోంచి హెడ్‌ఫోన్ లాగేసి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన కాల్ కట్ చేసి, "మళ్లీ ఫోన్ చేసి అది తప్పని చెప్తాను. బాబుని నేను చూస్తా, నువ్వెళ్లు" అన్నారు.

సోఫా వెనకనుంచి పాప. "అమ్మా, అతను తాతగారా?"

"అవును."

"అయితే నేను వస్తా. ఎక్కడ ఆగాడో నాకు తెలుసు."

దాన్ని తీసుకెళ్లకూడదని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు.

నది గాలి చలిగా కొడుతోంది. వెలుతురు ఇంకా ఉంది. మధ్యాహ్నం ఆగిన మూల దగ్గర ఎవరూ లేరు. స్కూటర్ కూడా లేదు. ఆయన పేరు ఆ మెసేజ్‌లో లేదు, కాబట్టి ఇద్దరం పేవ్‌మెంటు మధ్యలో నడుస్తూ తెలుగులో కేకలు పెట్టడం మొదలుపెట్టాం. "మామయ్యగారూ" అని నేను. "టాటగారూ" అని పాప, దాని అమెరికా నాలుకతో. దూరంగా నడుస్తున్న ఒక జంట మమ్మల్ని చూసి రోడ్డు దాటేసింది. ఇప్పుడు జనం భయపడాల్సిన మనుషులం మేమే.

సరిగ్గా అప్పుడు ఏడు కొట్టింది. ఆస్పత్రివాళ్ల కోసం రోజూ ఏడింటికి అందరూ కిటికీల్లోంచి చప్పట్లు కొట్టేవారు. టవర్ల మీదనుంచి చప్పట్లు, ఈలలు, గిన్నెల మోత. మా కేకలు మాకే వినబడలేదు. నాకు ఏడుపొచ్చింది. పాప నా చొక్కా లాగి, "అమ్మా, ఆ సౌండ్ మనది" అంది.

నిజమే. అన్ని గిన్నెల మధ్య ఒక మోత వేరుగా ఉంది. స్టీలు కంచం మీద గరిటె. రెండు వీధుల అవతల నుంచి. ఇద్దరం అటు పరిగెత్తాం. రోజులో అది నా రెండో పరుగు.

ఆ టవర్ కింద, తల పైకెత్తి, గ్లవ్స్ చేతులతో చప్పట్లు కొడుతూ నిలబడి ఉన్నారాయన. హూడీ కింద మంకీ క్యాప్. పక్కన గోడకి ఆనించి మా పాప గులాబీ రంగు స్కూటర్. వీధి చివర పోలీసు కారు నెమ్మదిగా తిరుగుతోంది.

మనిషికీ మనిషికీ ఉండాల్సిన ఆరడుగుల దూరం నాకు గుర్తు రాలేదు. వెళ్లి ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. ఐదు వారాల్లో ఇంట్లోవాళ్లు కాని మనిషిని తాకడం అదే మొదలు. కారు మా పక్కన ఆగింది. అంతా బాగానే ఉందా అని ఆఫీసర్ ఇంగ్లీషులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పాప చెప్పింది, "హీ ఈజ్ అవర్ టాటగారు." ఆఫీసర్ మా ముగ్గుర్నీ, స్కూటర్‌నీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

"పైనెవరో స్టీలు కంచం కొడుతున్నారమ్మా" అన్నారు పెద్దాయన. "మనవాళ్లే అయ్యుంటారు, దిగితే అడుగుదామని నిలబడ్డా. నది పక్క దారికి కంచె కట్టేశారివాళ. దాంతో దారి గుర్తు పోయింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి భూగోళం చెప్పాను, ఎవరితో అనకు. ఎవరినన్నా అడుగుదామంటే అందరూ పారిపోతున్నారు. ఇంతలో నువ్వు ఆ పిల్లాణ్ణి తిడుతుంటే వినబడింది. హమ్మయ్య, తెలుగు అనుకుని దాటి వచ్చా. అమ్మాయ్ అని పిలిచా కూడా. వినబడలేదా?"

"ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నానండీ" అన్నాను. "ప్రార్థన వింటున్నాను."

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను. గ్రూపులో నేను పెట్టిన కబురు అంది కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చి తండ్రి చేతిలో బిస్కెట్ పెట్టి తినమని కోప్పడుతుంటే, పాప స్కూటర్ తీసుకుని ఇంటికి బయల్దేరాం.

ఆ రాత్రి లైనులో అక్క, "తప్పిపోయిన నాన్నగారు దొరికారు, సిస్టర్ సాక్ష్యం చెప్తారు" అంది. మాలో మనవి నెరవేరితే సాక్ష్యం చెప్పాలి. నేను "ఇది సాక్ష్యం కాదక్కా" అని మొదలుపెట్టి, నల్లవాడా అన్న ఆ చిన్న ప్రశ్నకి ఎందుకు జవాబివ్వలేదో చెప్పాను. ఆయన నిజంగా నల్లవాడే అయ్యుంటే, తన ఇంటికి తాను నడిచిపోతుంటే, మన గ్రూపులో ఆయన కోసం ఎవరూ మనవి పెట్టేవారు కాదని, నేను కిందకి దిగేదాన్ని కాదని కూడా చెప్పాను. తర్వాత పిస్కాటవే బ్రదర్ దగ్గి, "నేనూ ఒకటి చేర్చానమ్మా, ఆరడుగులు అని" అన్నారు.

ఇప్పుడు పాపకి నా అంత ఎత్తు వచ్చింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, అది జరిగిన మరుసటి ఉదయం పాప కార్న్‌ఫ్లేక్స్ గిన్నె ముందు కూర్చుని అడిగిన మాట ఇప్పుడే అడిగినట్టుంది. "అమ్మా, నేను రన్ చెయ్యాలా, వద్దా?"

ఆ ఉదయం ఇద్దరికీ చెప్పాను. "భయమేస్తే పరిగెత్తండి. నేనూ పరిగెడతా. కొంచెం దూరం వెళ్లాక వెనక్కి తిరిగి, ఏం కావాలండీ అని అడగండి. ఇంటికొచ్చాక మనిషి ఎలా ఉన్నాడంటే, చూసింది మొత్తం చెప్పండి, చెప్పులతో సహా. చూడనిది చూడలేదని చెప్పండి. నిన్న అమ్మ అలా చెప్పలేదు. అందుకే తాతగారు చలిలో తిరిగారు. నాలుగింటికి రెడీగా ఉండండి. ఇవాళ్టినుంచి తాతగారూ మనతో వాకింగ్‌కి వస్తారు, ఆయన అవతలి పేవ్‌మెంటు మీద, మనం ఇవతల. బాబూ, నువ్వు స్తంభాలు ముట్టుకుంటూ రా. నేను గట్టిగా తిడతాను, ఆయన దారి తప్పకుండా."