కాంటెస్సాకు టర్బో

ఇంజనులోకి గాలిని బలంగా తోసే టర్బో బిగిస్తే నా పాత కాంటెస్సా కారు ఎట్లా పరుగెత్తుతుందో చూడాలని ఈ మధ్య ఆశ పుట్టింది. కొత్త టర్బో కొనే స్తోమత లేదు. గోరిమేడులో మెకానిక్ షెడ్డు నడిపే మా బంధువు పాత సామాన్ల కొట్లో ఒక డీజిల్ కారు టర్బో వెతికి తెచ్చాడు. ఇంజను పగిలితే మాత్రం ఇంకొకటి దొరకదు.

"మామా, ఇంజను హెడ్ ఎప్పుడన్నా విప్పినారా?" అని బిగించే ముందు అడిగాడు.

"లేదప్పా" అన్నాను ధీమాగా.

అయినా ఇంటికి వెళ్లి పాత డైరీలు తిరగేశాను. ఒకదానిలో నా చేతిరాతే ఉంది: కిరుమాంబాక్కం దగ్గర ఇంజను కాగిపోయింది, ఇంజను పైమూత, అదే హెడ్, వంగితే చెక్కించి చదును చేయించాను. నాకు ఒక్క ముక్కా గుర్తులేదు.

డైరీ షెడ్డుకు తీసుకెళ్లాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా, బడిలో వేరే భాష చదివిన అతడికి తెలుగు చదవడం రాదు. "ఇదేంది మామా, చీమలు పాకినట్టుంది! మీరే చదవండి" అని నవ్వాడు.

చదివాను. అతడి నవ్వు ఆగిపోయింది.

"చెక్కినారా! అట్లయితే లోపల చోటు తగ్గి ఒత్తిడి ముందే ఎక్కువ. దానిమీద టర్బో పెట్టుంటే ఇంజను పటాసే!"

హెడ్ విప్పి, రాగిరేకు కత్తిరించి, సందు మూసే మందమైన గాస్కెట్ చేసి, తగ్గిన చోటు తిరిగి వచ్చేలా దాని కింద పెట్టాడు. టర్బో గాలి కూడా తగ్గించాడు.

ఇద్దరం కడలూరు రోడ్డెక్కాం. ఎక్సలరేటర్ నొక్కితే క్షణంసేపు ఏమీ కాలేదు. తర్వాత సన్నగా టర్బో ఈల వినిపించి, నా వీపు సీటుకు అతుక్కుంది. కిరుమాంబాక్కంలో ఆపి బానెట్ ఎత్తి చూశాం. ఎక్కడా ఆవిరి లేదు.

హెడ్ విప్పిన సంగతి ఈసారి ఎర్ర సిరాతో రాసుకున్నాను.