చిన్నమ్మ వీపు నొప్పి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాకంటూ ఒక గొప్ప ఉండేది. నేను ఎదురుకాళ్ళతో పుట్టానట. అలా పుట్టినవాళ్ళు పాదంతో మూడుసార్లు తొక్కితే నడుము పట్టుకున్నా, వీపు పట్టుకున్నా వదిలిపోతుందని పెద్దకడుబూరు వైపు పల్లెల్లో అందరికీ నమ్మకం. పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి మా పంచలో బోర్లా పడుకునేవారు. నేను తొక్కేదాన్ని, బెల్లంముక్క పుచ్చుకునేదాన్ని. ఎనిమిదేళ్ళకే అంత పెద్దరికం దొరికితే కాళ్ళు నేల మీద నిలుస్తాయా!

ఆ ఏడు పత్తి తీసే రోజుల్లో మా చిన్నమ్మకు వీపు పట్టుకుంది. మా అమ్మకు చెల్లెలు, మా పక్కిల్లే. రెక్కల మధ్య గుంజుతోందని, ఆ గుంజుడు దవడ దాకా పాకుతోందని నాలుగు రోజులుగా అంటోంది. చేనికి నడిస్తే ఆయాసం. అన్నం సయించడం లేదు. పత్తి మూట ఎత్తినప్పుడు పట్టుకుని ఉంటుందని మా అవ్వ తేల్చేసింది. గుండెపోటన్న మాట ఎవరికీ తట్టలేదు. మాకు తెలిసి అది ఆదోని మండీల్లో దిండుకు ఆనుకుని కూర్చునే మగవాళ్ళకు వచ్చే జబ్బు. పత్తి తీసే ఆడమనిషికి గుండె ఉంటుందని కూడా ఎవరూ అనుకున్నట్టు లేదు.

చిన్నాయనకు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ మధ్యాహ్నం పత్తి వేసుకుని ట్రాక్టరు ఆదోనికి పోతోంది. అందులోనే ఎక్కించుకుపోయి ఆసుపత్రిలో చూపిస్తానన్నాడు. ముందు పాపతో తొక్కించుకుంటాను, తగ్గకపోతే వస్తానంది చిన్నమ్మ. ఆయన మూటలు ఎక్కించడానికి పోయాడు. నన్ను పిలిపించారు.

ఆమె చాప మీద బోర్లా పడుకుంది. వీపు చల్లగా ఉంది, చెమటకు నా పాదం జారింది. మూడుసార్లు తొక్కి, తగ్గిందా అని అడిగాను. మూలిగింది. మళ్ళీ తొక్కాను. నా కాళ్ళ మహిమ పోయిందేమోనని ఏడుపొచ్చింది. ఆమె తల తిప్పి నా ముఖం చూసింది.

"తగ్గినాది తల్లీ. నీ కాళ్ళు సల్లగుండ. ఇంగ పో, ఆడుకోపో."

నేను ఆడుకోవడానికి పోలేదు. తిన్నగా ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"సిన్నమ్మకు తగ్గిపోయినాదంట సిన్నాయనా. నేనే తొక్కినా."

ఆయన నా తల నిమిరి, ట్రాక్టరెక్కి ఒక్కడే పోయాడు. పొద్దు వాలకముందే చిన్నమ్మ ఆ చాప మీదే పోయింది.

తరువాత ఊరికి వచ్చిన నర్సమ్మ అన్నీ అడిగి తెలుసుకుని, అది గుండెపోటే అయి ఉంటుందంది. ఆడవాళ్ళకు ఎదలో నొప్పే రావాలని లేదట. వీపులో, దవడలో గుంజినా, చల్లచెమట పట్టినా, ఆయాసమొచ్చినా, కడుపులో తిప్పినా అనుమానించాల్సిందేనట. వెంటనే ఆసుపత్రికి చేరి ఉంటే బతికేదేమో అంది. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది.

నాకిప్పుడు అరవై దాటాయి. ఈ నాలుగు ముక్కలూ చేలల్లో, బస్సుల్లో, ఎమ్మిగనూరు సంతలో కనబడిన ప్రతి ఆడమనిషికీ చెబుతూనే ఉన్నాను. వింటారు, అవునక్కా అంటారు, మళ్ళీ పనిలోకి వంగుతారు. కిందటేడు నా సొంత చెల్లెలు, నా నోట వందసార్లు విన్నదే, గ్యాసని సోడా తాగి, ఈ ఒక్క సాలు పత్తి తీయడం అయిపోనీ అంటూ పత్తి చేలోనే ఒరిగిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా చెప్పడం. మానలేను గానీ, ఆశ మాత్రం లేదు. ఆడవాళ్ళు తగ్గిందనేది ఎదుటివాళ్ళ కోసమేనని ఎనిమిదేళ్ళకే నేర్చుకున్నాను. నేర్చుకుని ఎవరిని బతికించుకున్నాను?

చిన్నాయన బతికినన్నాళ్ళూ ఆ రోజు సంగతి ఎవరితోనూ అనలేదు. ఆయనా పోయాడు. చిన్నమ్మ పిల్లలు ఇప్పటికీ అక్కా అంటూ వచ్చి, నా చేతి అన్నం తిని పోతారు. వాళ్ళమ్మ ట్రాక్టరెక్కకుండా ఆపింది నా మాటేనని వాళ్ళకు నేనింకా చెప్పలేదు.