దయ్యం కథలో ఎల్లవ్వ

జనగామ బస్టాండు ముందు బొగ్గుల మీద మక్క కంకులు కాలుతున్న వాసనకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మేమంతా ఆమెను అవ్వ అని పిలిచేవాళ్ళం. నర్మెట్టలో వాన పడే సాయంత్రాల్లో పొయ్యి ముందు కూర్చుని, కంకులు కాలుస్తూ దయ్యం కథ చెప్పేది. దొర కొడుకును దయ్యం తరుముతుంది. పనిమనిషి ఎల్లవ్వ తలుపు తీసి అతన్ని లోపలికి నెట్టి, తాను బయటే చిక్కి చచ్చిపోతుంది. ఆ తర్వాత కథంతా దొర కొడుకుదే. పెళ్ళి కూడా అవుతుంది.

ఆరేళ్ళ నాకు ఎల్లవ్వ నిజంగా మా ఊరి మనిషే.

"మరి ఎల్లవ్వ పిల్లలకు బువ్వెవరు పెడ్తరవ్వా?" అని ఏడ్చాను.

"ఆమెకు పిల్లలున్నరని నేను చెప్పలే గద బిడ్డా!"

"ఉన్నరు. ఆకలైతుందంటున్నరు."

నా కంకిని వాళ్ళకోసం గూట్లో పెట్టి, తినకుండా కూర్చున్నాను. అవ్వ నవ్వలేదు. కాసేపు నిప్పులు ఎగదోసింది.

"జర ఆగు, మర్చిపోయిన. ఆ పిల్లల ఏడుపు దయ్యానికి ఇనవడ్డది. దానికీ ఒకప్పుడు పిల్లలుండె. పోయి బువ్వ పెట్టుకో పో అని ఎల్లవ్వను ఇడిసిపెట్టింది."

"నిజంగనా?"

"నిజంగనే. గిప్పుడు తిను."

మొన్న చిట్యాలలో మా చిన్నాయన కూతురు తన కొడుక్కి అదే కథ చెప్తుంటే విన్నాను. దయ్యం ఎల్లవ్వను వదిలిపెట్టింది.

"అసలు కథల ఆమె సచ్చిపోతది, ఎరుకేనా?" అన్నాను.

"లేదక్కా. అవ్వ ఎన్నడూ గట్ల చెప్పలే," అంది చెల్లె.

ఆ ఒక్కరోజు నాతో తినిపించడానికే అవ్వ కథ మార్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ తర్వాత ఎల్లవ్వను ఆమె మళ్ళీ చావనివ్వనే లేదు.