తెల్లచీర కట్టని ఆదివారాలు

నా చిన్నప్పుడు, నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే రెజిమెంటల్ బజార్ దగ్గరి మా చర్చి తెల్లబడిపోయేది... ప్రభు సంస్కారం రోజు కనుక ఆడవాళ్ళంతా తెల్లచీరల్లో వచ్చేవారు. మా అమ్మ ఒక్కతే నీలం చీర కట్టుకునేది.

రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి వరుసలన్నీ లేచి బల్ల దగ్గరికి వెళ్ళేవి. అమ్మ కూర్చునే ఉండేది. మనసులో కక్ష పెట్టుకుని ఆ బల్లను ముట్టకూడదన్నది మా పెద్దల కట్టడి. అమ్మ ఆ కట్టడిని మీరలేదు... కక్షనూ వదలలేకపోయింది.

ఆ కక్ష మా పిన్ని మీద. అప్పట్లో ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. అమ్మ కూడా నేర్చుకుని, బేగంపేటలో ఒక కంపెనీలో చేరింది. చేరిన నెలలోనే, మౌలాలిలో పిన్ని దగ్గర ఉంటున్న అమ్మమ్మకు జబ్బు చేసింది. వారం రోజులు పిన్ని కబురు పెట్టలేదు. పెట్టేసరికి అమ్మమ్మ లేదు.

మూడేళ్ళు అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు.

ఒక శనివారం సాయంత్రం, మరునాటి సంస్కారానికి సిద్ధపడే కూడికలో, క్షమించానని మనసులో అనుకుంటే చాలదు, వెళ్ళి నోటితో చెప్పాలి అన్నారు పాస్టరు గారు. అమ్మ అటునుంచి అటే నన్ను వెంటబెట్టుకుని మౌలాలి బస్సెక్కింది. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి... ప్రార్థనో, చెప్పబోయే మాటో తెలియదు.

రైల్వే క్వార్టర్ తలుపు తీసిన పిన్ని చేతులకు చపాతీ పిండి అంటుకుని ఉంది. "అక్కా..." అంది. ఆ పిలుపు దగ్గర ఆగిపోయినా సరిపోయేదేమో.

అమ్మ గడప దాటలేదు. అక్కడే నిలబడి, "దేవుని పేరు మీద నిన్ను క్షమించిన, సరళా" అంది.

పిన్ని ముఖం మారిపోయింది.

"క్షమించినవా? నేనేం జేసిన్నని? అమ్మనే నా చెయ్యి పట్టుకొని మాట తీసుకుంది... 'దానికి కొత్త నౌకరి, పరేషాన్ చెయ్యకు' అని. మూడేండ్లల్ల ఒక్కనాడన్న అడిగినవా? రేపు సంస్కారమని ఇయ్యాల యాదికొచ్చిన్నా? నాకోసం వచ్చినవా, నీ తెల్లచీర కోసం వచ్చినవా?"

అమ్మ వెనక్కి తిరిగి మెట్లు దిగింది. "బిడ్డా, నువ్వన్న తినిపో" అంది పిన్ని నాతో. నేను అమ్మ వెంటే వెళ్ళాను.

మరునాడు సంస్కారంలో కూడా అమ్మ బల్ల దగ్గరికి లేవలేదు. అంతవరకు కోపం చెల్లెలి మీద... ఆ రోజు నుంచి తన మీద.

తరువాత రెండుసార్లు వెళ్ళింది, ఈసారి క్షమించమని అడగడానికి. ఒకసారి తలుపు తెరుచుకోలేదు. మరోసారి ఆ క్వార్టర్లో వేరేవారున్నారు. బాబాయి రైల్వే ఉద్యోగం వదిలి, బెంగళూరులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారట. బంధువుల చేత పంపిన ఉత్తరాలకు జవాబు రాలేదు.

"దాంతోని కూసొని ఏడ్వనీకె పోవాల్సుండె బిడ్డా... మాఫ్ చేసిన అని చెప్పనీకె పోయిన" అంటుంది అమ్మ ఇప్పటికీ.

ఇప్పుడు మా చర్చిలో ఎవరూ లేచి వెళ్ళనక్కర్లేదు. చిన్న చిన్న కప్పులున్న పళ్ళెం కూర్చున్న చోటికే వస్తుంది. ఎవరు తీసుకున్నారో, ఎవరు ముట్టకుండా పక్కవారికి అందించారో ఎవరూ గమనించరు. అమ్మ ప్రతి నెలా అందిస్తూనే ఉంది...

మీ ఇళ్ళల్లో ఇంత ఆలస్యంగా అడిగిన క్షమాపణ ఎవరికైనా దొరికిందా? దొరికి ఉంటే దయచేసి రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.